ఎల్లిపోయే ఓటు

అరసవల్లి రోడ్డు, శ్రీకాకుళం
6 మార్చి 2016

చెల్లి దీవెనకి,

చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను. ఆదివారం కదా, ఆటోలన్నీ సూర్యనారాయణస్వామి గుడికి పోయేవాళ్ళతో నిండిపోయి ఒక్కటీ ఆగలేదు. నడిచే వచ్చాను. మీ బావ సాలూరు నుంచి లారీ తీసుకుని రాయపూర్ వెళ్ళాడు. మా అమ్మాయి కరుణ ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. ఇల్లు ఖాళీగా ఉండగానే ఈ నాలుగు ముక్కలూ రాసేద్దామని కూర్చున్నాను. ఫోను మోగిందంటే మీ బావ స్పీకరు పెట్టేస్తాడు, ఇరుగుపొరుగు కూడా వచ్చి చేరతారు. అప్పుడు నువ్వూ నేనూ 'బాగున్నావా, బాగున్నాను' అనుకోవడమే గానీ మాట్లాడుకునేదేముంది?

మొన్న మీ ఆయన బెన్హర్ ఫోను చేశాడు. "వదినా, జూన్‌లో మాకు ఓటున్నాది. ఐరోపా దేశాల గుంపులో ఉండిపోదామా, ఎల్లిపోదామా అనీసి. ఎల్లిపోతే మరి పోలండోళ్ళు ఊరికే దిగిపోడానికి ఉండదు. ఆసుపత్రులకి నర్సులు గావాల కదా? అప్పుడు మనల్నే పిలుస్తారు. కరుణని అక్కడెక్కడా ఇరికించీకండి. తలుపు తీస్తారు, సూడండి" అన్నాడు.

మీ బావ సంగతి నీకు తెలియనిదా? తమ్ముడి మాట అంటే వేదవాక్యం. సాలూరు లారీల మీద క్లీనరుగా తిరిగినవాడు ఇవాళ ఇంగ్లండులో సిటీ బస్సు తోలుతున్నాడంటే ఇంట్లో ఎవరు కాదనగలరు? నర్సువై వెళ్ళింది నువ్వు, నీ వెనక వెళ్ళింది అతను. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుండదు.

చిక్కేమిటంటే, కరుణకి సాలూరు ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు నర్సు ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ నెలాఖరులోగా చేరాలి. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుంది. చేరిపొమ్మని నేను అంటే, ఆగమని మీ బావ అంటాడు. అది ఎటూ తేల్చుకోలేక గోళ్ళు కొరుక్కుంటోంది. నువ్వు ఆ దేశంలో ఉన్నదానివి, నర్సువి. ఏం చెయ్యమంటావు? అసలు మీరు ఆ దేశస్థులే కాదు కదా, మీకు ఓటేమిటి?

అప్ప
గ్లోరీ

*

మార్ష్‌బీ, ఇంగ్లండు
27 మార్చి 2016

ప్రియమైన అప్పకి, బావకి, కరుణకి ఈస్టర్ వందనాలు.

ఓటు మాట నిజమే. ఒకప్పుడు వీళ్ళు ఏలిన దేశాలవాళ్ళం కాబట్టి, ఇక్కడ ఉంటున్నవాళ్ళకి మన పాస్‌పోర్టు మీదే ఓటు ఇచ్చారు. నా పక్క బెడ్లు చూసే మగ్దాకి మాత్రం లేదు. ఆమెది పోలండు. ఈ ఓటుతో తేలేది ఆమె బతుకు. వేసేది నేను, మీ మరిది!

ఆ గుంపు సంగతి నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, మనం ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో బరంపురం వెళ్ళాలంటే ఎవరి అనుమతీ అడగం కదా. అక్కడే ఇల్లు తీసుకుని పని చేసుకున్నా అడిగేవాడు లేడు. ఐరోపాలో ఇరవైఎనిమిది దేశాలు అలా ఒప్పందం చేసుకున్నాయి, సరుకుకీ మనుషులకీ. అందులోంచి బయటికి పోదామని ఇక్కడ సగం మంది, వద్దని సగం మంది. బజారులో, బస్సులో, వార్డులో అదే గోల. మొన్న ఒక ముసలాయన ఆక్సిజన్ పెట్టుకుని కూడా పక్క మంచమాయనతో దెబ్బలాడాడు.

ఇక కరుణ మాట. సాలూరులో చేరిపొమ్మను. ఆలోచించవద్దు. పోదాం అనేవాళ్ళు ముఖ్యంగా చెప్పే కారణం ఒకటే, బయటివాళ్ళు మరీ ఎక్కువ వచ్చేశారు, తగ్గాలి అని. ఆ తగ్గించే లెక్కలో మన గుంట ఉండదని ఎవరు హామీ ఇచ్చారు? పరీక్ష ఎక్కడినుంచైనా రాసుకోవచ్చు. ఉద్యోగం మళ్ళీ రాదు.

ఆయన అబద్ధం చెప్పడం లేదప్పా. నమ్మే చెప్తున్నారు. మగ్దా ఏ ఇంగ్లీషు పరీక్షా లేకుండా వచ్చి పనిలో చేరింది. నేను మూడుసార్లు రాయాల్సి వచ్చింది. ఆ మంట ఆయనకి ఇప్పటికీ ఉంది. నాకూ లేకపోలేదు. అయితే ఆ మంటతో మన పిల్ల అన్నం ఉడకదు.

ఇక్కడ అంతా క్షేమమే.

నీ చెల్లి
దీవెన

*

శ్రీకాకుళం
8 మే 2016

దీవెనా,

అంతా క్షేమమే అని రాశావు. అలాగే ఉంది.

నిన్న బెన్హర్ ఫోన్లో ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను మావయ్యగారు పోయినప్పుడు చూశాను, మళ్ళీ నిన్న విన్నాను. "మీ చెల్లి నలుగుర్లో నన్ను నిలబెట్టీసింది వదినా. ఓటు మీటింగులో నాను స్టేజీ మీద ఉంటే కిందనించి లెగిసి నా మాట తప్పన్నాది. మనోళ్ళున్నారు, తెల్లోళ్ళున్నారు. ఇక నాను ఆ ఊర్లో తలెలగ ఎత్తుకుంటాను?" అన్నాడు. మీ బావ, కరుణ, పక్కింటి లక్ష్మణమ్మ అందరూ విన్నారు. మీ బావ అన్నం ముందునుంచి లేచిపోయాడు.

ఏం పోయేకాలం వచ్చిందే నీకు? మొగుడితో ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా నలుగురి ముందూ ఒక్కటిగా నిలబడాలని అమ్మ మనిద్దరికీ చెప్పలేదా? అతను అడిగింది ఎవరికోసం? తన కోసమా? మా పిల్ల కోసం! ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, నువ్వు మాత్రం అవతలి ఒడ్డున కూర్చుని మా గుంటకి దారి లేదంటావు. ఆ పోలండు ఆవిడ నీకు తోబుట్టువా, నేనా? అది చెప్పు ముందు.

మీ బావా బెన్హరూ పోరగా పోరగా నేనూ ఆగడం వైపే తిరిగాను. నీ ఉత్తరం కరుణకి చూపించలేదు. సాలూరు వెళ్ళమన్న నీ మాట చెప్పనూ లేదు. ఓర్వలేక అన్న మాటలా తోచింది నాకు. అలాంటి మాట పిల్ల చెవిన ఎందుకు వెయ్యాలి? చేరాల్సిన గడువు దాటిపోయింది. అది వెళ్ళలేదు.

మన పాస్టరు సత్యరాజుగారు కూడా బుధవారం స్త్రీల కూడికలో ఇంగ్లండు ఓటు కోసం ప్రార్థన పెట్టించారు. ఇంగ్లండు ఎల్లిపోవాలని! నవ్వుకుంటావేమో, నవ్వుకో. మాకు ప్రార్థన తప్ప ఏ ఓటుంది?

గ్లోరీ

*

మార్ష్‌బీ
29 మే 2016

అప్పా,

నీ ఉత్తరం డ్యూటీకి పోతూ బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేకపోయాను.

తోబుట్టువు ఎవరని అడిగావు. అమ్మ పోయినప్పుడు నేను శ్రీకాకుళం వచ్చి, నీ పక్కన కూర్చుని, పదకొండో రోజు కూడిక దాకా ఉండగలిగానంటే, ఆ రోజులన్నీ నా డ్యూటీలు చేసింది మగ్దా. తన సెలవులు రద్దు చేసుకుని చేసింది. నువ్వు నాకు తోబుట్టువువి కాబట్టే ఇది నీకు చెప్తున్నాను. ఆ హాల్లో ఏం జరిగిందో ఆయన నోట విన్నావు. నా నోట కూడా విను.

లైబ్రరీ వెనక హాల్లో మన ఆసియావాళ్ళకని మీటింగు పెట్టారు. పోదాం అనేవాళ్ళ తరఫున మాట్లాడమని ఆయన్ని పిలిచారు. గోడ మీద పెద్ద బొమ్మ అంటించారు. వరసకట్టి నడిచొస్తున్న జనం, దేశం నిండిపోతోందని కింద రాత. ఆ వరసలో మొహాలు చూశాను. పోలండువాళ్ళ మొహాలు కావు అవి. మన రంగు మొహాలు. ఆయన ఆ బొమ్మకి వీపు పెట్టి నిలబడ్డారు.

బాగా మాట్లాడారప్పా. కరుణ గురించి చెప్పారు, రెండుసార్లు పరీక్ష రాసిందని, రోగుల కాళ్ళు ఒత్తిన పిల్లకి వ్యాసం రాయడం రాలేదని తలుపు మూశారని. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే మగ్దా వచ్చింది. నన్ను కార్లో డ్యూటీకి తీసుకెళ్ళడానికి వచ్చి, యూనిఫారంలో తలుపు దగ్గర నిలబడింది. ఆయన చూశారు. చూసి వేలెత్తి, "అదిగో, ఆ తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడ ఏ పరీక్షా రాయకుండా వచ్చింది. నా అన్న కూతురికి లేని హక్కు ఆవిడకెందుకు?" అన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో 'ఇంటికి పో' అన్నారు, మెల్లిగానే. కొందరు నవ్వారు. మగ్దా చేతిలో కారు తాళాలతో అలాగే నిలబడిపోయింది. ఆయన ఎన్నిసార్లు ఆమె ఇంట్లో భోజనం చేశారో నీకు తెలీదు.

అప్పుడు లేచాను. నేను అన్నది ఇంతే. "నేను ఈయన భార్యని. పరీక్ష గురించి ఈయన చెప్పింది నిజం. ఈవిడ గురించి చెప్పింది తప్పు. ఈవిడ ఎవరి చోటూ తీసుకోలేదు. మీకూ నాకూ ఓటుంది. ఈవిడకి లేదు. ఓటు లేని మనిషిని వేలెత్తి చూపించకండి." అంతే. మగ్దాని తీసుకుని బయటికి వచ్చేశాను.

మరో మాట కూడా విను. మీటింగు పెట్టిన పెద్దమనిషి మర్నాడు బజారులో కనిపిస్తే ఆగి అడిగాను, మీరు గెలిస్తే మా దేశం నర్సుల్ని పిలుస్తారా అని. నవ్వాడు. "ముందు బయటివాళ్ళ లెక్క తగ్గాలి కదమ్మా" అన్నాడు. ఇంటికి వచ్చి ఆయనకి చెప్పాను. నమ్మలేదు. "నీకు నా మీద గెలవాల, అంతే" అన్నారు. అప్పటినుంచి ముందుగదిలో పడుకుంటున్నారు. టీ పెట్టి బల్ల మీద ఉంచుతాను. తాగుతారు. కప్పు కడిగి బోర్లిస్తారు. మాట లేదు.

మూడేళ్ళ కిందట రాష్ట్రం విడిపోవద్దని టీచరువి, నువ్వు పని చేసే బడికే తాళం వేసి ఏడు రోడ్ల జంక్షన్లో ఎండలో కూర్చున్నావు. విడిపోతే తమ పిల్లలకి ఉద్యోగాల దారి తెరుచుకుంటుందని తెలంగాణవాళ్ళన్నప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? విడిపోతే ముందు కాలేది కూలోడి పొట్టే అన్నావు. ఇప్పుడు పరాయి ఇల్లు రెండు కావాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నారు.

నేను ఉండిపోదామనే ఓటేస్తాను. కరుణకి నా మాట చెప్పనందుకు నీ మీద కోపం ఉంది. ఉంచుకుంటాను.

దీవెన

*

శ్రీకాకుళం
25 జూన్ 2016

దీవెనకి,

టీవీలో చూశాం. ఎల్లిపోవడమే గెలిచిందట. మీ బావ పళ్ళెం నిండా జిలేబీ తెచ్చి వీధంతా పంచాడు. రేపు చర్చిలో కృతజ్ఞతా కూడిక ఉంది.

రాష్ట్రం సంగతి ఎత్తిపొడిచావు. అది మన ఇల్లు కాబట్టి కూర్చున్నాను. ఇది వాళ్ళిల్లు. వాళ్ళకి లేని బాధ నీకెందుకు?

కరుణ రోజూ అడుగుతోంది, ఎప్పుడు పిలుస్తారని. ఏమని చెప్పమంటావు? నిన్ను కాదులే, బెన్హర్‌నే అడుగుతాను.

గ్లోరీ

*

మార్ష్‌బీ
24 జూలై 2016

అప్పా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకి చెప్పకు. నన్ను ఎంత తిట్టినా పడతాను, ఈ ఒక్కటీ నా కోసం కాదు, మీ మరిది కోసం అడుగుతున్నాను.

ఫలితం వచ్చిన రోజు ఆయన పొద్దున్నే నవ్వుతూ డ్యూటీకి వెళ్ళారు. నెలన్నర తర్వాత మొదటిసారి నా మొహం చూసి "ఎల్లొస్తాను" అన్నారు. సాయంత్రం వచ్చి స్నానం చేసి పడుకుండిపోయారు. మర్నాడూ అంతే. ఒంట్లో బాగులేదన్నారు. జ్వరం లేదు, నొప్పి లేదు. రెండు వారాలు సెలవు పెట్టారు. గెలిచిన మనిషి ఎందుకిలా అయిపోయాడో నాకు అర్థం కాలేదు.

మగ్దా చెప్పింది, మొన్ననే. ఆ రోజు ఆమె కారు రిపేరులో ఉండి ఆయన బస్సే ఎక్కిందట. వెనక సీట్లో కూర్చుంది. మార్కెట్టు స్టాపులో ఒకడు ఎక్కాడు. తాగి లేడు, మంచి బట్టలే వేసుకున్నాడు. ఇక్కడ టిక్కెట్టు ఇచ్చేది డ్రైవరే. అది తీసుకుంటూ, "మేం గెలిచాం. ఇక నువ్వు పెట్టె సర్దుకో" అన్నాడట ఆయనతో. ఆయన నవ్వి, "నేనూ మీవైపే ఓటేశానండీ" అన్నారట. వాడు బస్సంతా వినబడేటట్టు నవ్వి, "అయితే నీ ఊరికి పోయే టిక్కెట్టుకి నువ్వే ఓటేసుకున్నావు" అన్నాడట. కొంతమంది నవ్వారు. ఎక్కువమంది కిటికీల్లోంచి చూశారు. బస్సు చాలాసేపు కదల్లేదట. తర్వాత మెల్లిగా కదిలిందట.

"నువ్వేం చేశావు?" అని అడిగాను మగ్దాని.

"నేనూ కిటికీలోంచే చూశాను" అంది. "లేవాలనుకున్నాను. ఆ హాల్లో నన్ను వేలెత్తి చూపించిన చెయ్యి గుర్తొచ్చింది. లేవలేదు. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు, అందుకే చెప్తున్నాను."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన మీదా రాలేదు. మగ్దా వాళ్ళ వీధిలో పోలండు సరుకుల కొట్టు అద్దం పగలగొట్టారు. ఆమె బయట తన భాషలో ఫోను మాట్లాడటం మానేసింది. నేను కూడా బస్సులో తెలుగులో ఫోను మాట్లాడాలంటే ఒకసారి చుట్టూ చూస్తున్నాను. ఎవరు ఎవరికి ఓటేశారో మొహం మీద రాసుండదు కదా.

ఆయనకి నాకు తెలుసన్న సంగతి తెలీదు. నేను అడగలేదు. ఎలా అడగనప్పా? నేను చెప్పిందే నిజమైందని అనిపించుకోవడానికి అడిగినట్టుంటుంది.

కరుణ దారి కరుణ చూసుకోవాలి. ఇప్పుడైనా చెప్పు.

దీవెన

*

శ్రీకాకుళం
11 సెప్టెంబరు 2016

దీవెనమ్మకి,

బావకి చెప్పలేదు. నీ మీద ఒట్టు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ బావ కొట్టు దగ్గర కూర్చుని, తమ్ముడు కరుణకి ఇంగ్లండులో సీటు ఖాయం చేశాడని చెప్తున్నాడు. వింటూ నిలబడ్డాను. నా ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీలేదు. ఇంటికి వచ్చి, కరుణని కూర్చోబెట్టి, సాలూరులో చేరమని నువ్వు రాసిన మాట అప్పుడు చెప్పాను.

అది నా మొహం వంక అలా చూసింది. "పిన్ని ఎల్లమన్నాదా? మార్చిలోనే అన్నాదా? నువ్వెందుకు సెప్పలేదమ్మా?" అంది. "నా బతుకు మీద మీరందరూ ఓటేసీసినారు. నన్నొక్కదాన్నే ఎవులూ అడగలేదు" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. నీ ఇంట్లో టీ కప్పు సంగతి రాశావే, ఇక్కడ కూడా అదే.

పోయిన ఆదివారం బెన్హర్ ఫోను చేశాడు. మామూలుగానే మీ బావ స్పీకరు పెట్టాడు. లక్ష్మణమ్మ గుమ్మంలో కూర్చుంది. పాస్టరుగారు కూడా ఉన్నారు. మీ బావ, "ఒరే, మన గుంట పెయాణం ఎప్పుడేటి?" అని అడిగాడు. అటునుంచి "అవుతాదన్నియ్యా, అవుతాది" అని వినిపించింది. గొంతులో జీవం లేదు. నేను ఫోను దగ్గరికి వెళ్ళాను.

"బెన్నూ, నాను వదిన్ని. ఒక్క మాట సెప్పు. కరుణని పిలుస్తారని నీకు తెలుసా, తెల్దా?"

అటునుంచి దగ్గు వినిపించింది.

"నిన్ను తిట్టడానికి కాదు నాయనా. పిల్ల ఎదురు సూస్తా కూకున్నాది. తెలుసా, తెల్దా?"

"తెల్దు వదినా" అన్నాడు. "నాకేటీ తెల్దు. నన్నే ఉంచుతారో లేదో తెల్దు" అన్నాడు.

నువ్వు చెప్పొద్దన్నది నేను చెప్పలేదే, అతనే సగం చెప్పుకున్నాడు. మీ బావకి కోపం వస్తుందనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకుని, స్పీకరు కట్టేసి, "ఒరే తమ్ముడా, బాగున్నావేటి? అన్నం తింటన్నావా?" అన్నాడు. అలా మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా రాలేదు.

మర్నాడు కరుణ ఒంటరిగా బస్సెక్కి సాలూరు వెళ్ళింది. ఆ ఉద్యోగంలో వేరే పిల్ల చేరిపోయిందట. కొండ మీద, ఒడిశా సరిహద్దు వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సు లేదు, ఎవరూ వెళ్ళడం లేదు, వెళ్తావా అన్నారట. ఎల్తానంది. మీ బావ "ఆడపిల్లని కొండమీద ఒగ్గీమంటావా?" అని నా మీద లేచాడు. "నన్ను కాదు, దాన్నడుగు" అన్నాను. అడిగాడు. "నాను ఎల్తాను నాన్నా" అంది. తనే లారీ క్యాబిన్లో కూర్చోబెట్టుకుని కొండ కింద దాకా దింపి వచ్చాడు.

వెళ్ళేముందు కరుణ నాతో ఒక్క మాట మాట్లాడింది. "పిన్నికి ఉత్తరం రాస్తే నా వందనాలు రాయి" అంది. రాస్తున్నాను. నావి కూడా. ఓర్వలేక అన్నావని రాశాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అప్ప

*

మార్ష్‌బీ
19 నవంబరు 2017

ప్రియమైన అప్పకి,

ఏడాదిగా పండగ కబుర్లు తప్ప ఇద్దరం ఏమీ రాసుకోలేదు. ఇవాళ రాయవలసి వచ్చింది.

నీతో ఫోన్లో 'తెల్దు' అన్న రోజు రాత్రి ఆయన వంటింట్లోకి వచ్చి బస్సు సంగతి తనే చెప్పారు. తెలుసన్నాను. ఎవరు చెప్పారంటే మగ్దా అన్నాను. "ఆవిడా సూసిందా?" అని అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. మేం మాట్లాడుకుంటున్నాం. మునుపటిలా కాదు. మాటలు ఏరుకుని మాట్లాడుకుంటున్నాం. మగ్దాతో మాత్రం ఆయన మాట్లాడలేకపోయారు. ఆమె వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

మగ్దా వెళ్ళిపోయింది. ఉండనిస్తారో ఉండనివ్వరో పైవాళ్ళు తేల్చడం లేదు. ఆమె కొడుకుని బళ్ళో పిల్లలు, ఎప్పుడు పోతావని అడుగుతున్నారు. విసిగిపోయింది. ఆఖరి డ్యూటీ రోజు వార్డులో కేకు కోశాం. ఆయన బస్సు యూనిఫారంలోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "క్షమించు మగ్దా" అన్నారు. ఆమె, "క్షమించానని అబద్ధం చెప్పలేను బెన్హర్. ఇంకా కోపంగానే ఉంది. నా మీద నాకూ ఉంది. కానీ వచ్చావు" అని కేకు ముక్క చేతిలో పెట్టింది.

ఇదీ అసలు సంగతి. మగ్దా ఒక్కతే కాదు, మా వార్డులోంచి ముగ్గురు వెళ్ళిపోయారు. బెడ్లు నిండి ఉన్నాయి, మనుషులు లేరు. మొన్న మా మేనేజరు పిలిచి, "మీ కుటుంబంలో నర్సులెవరైనా ఉన్నారా దీవెనా? ఇండియా నుంచి తీసుకుంటున్నాం" అంది. నర్సులకని పెట్టిన ఇంకో పరీక్ష కూడా ఒప్పుకుంటున్నారట, కాస్త సులువుగా ఉంటుందంటున్నారు.

ఇంటికి వచ్చి ఆయనకి చెప్పాను. 'నేను ముందే చెప్పలేదా' అంటారనుకున్నాను. అనలేదు. "నాను సెప్పినట్టే అయినాది కదా దీవెనా. మరి సంతోషం లేదేటి?" అని నన్నే అడిగారు.

అప్పా, ఈ ఉత్తరం దాచకు. హాలు, బస్సు, మగ్దా, అన్నీ కరుణకి చెప్పు. బావకీ చెప్పు, ఆయన ఒప్పుకున్నారు. ఖాళీ ఉంది, నిజం. అది ఎలా ఖాళీ అయిందో కూడా నిజమే. తెలిసి వస్తానంటే నా ఇల్లు దాని ఇల్లు. రానంటే బలవంతపెట్టవద్దు.

దీవెన

*

శ్రీకాకుళం
14 జనవరి 2018

దీవెనమ్మకి,

దాచలేదు. కరుణ క్రిస్మస్‌కి కొండ దిగి వచ్చినప్పుడు మీ బావనీ దాన్నీ కూర్చోబెట్టి ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి మీ బావ కండువా మొహం మీద వేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఒకటి జరిగింది. ఇంగ్లండులో ఖాళీలు పడ్డాయన్న మాట ఎలాగో పాకింది. పాస్టరుగారు సాక్ష్యాల సమయంలో, "మన ప్రార్థన ఫలించింది, గ్లోరీ గారి అమ్మాయికి తలుపు తెరుచుకుంది, లేచి స్తుతించుదాం" అన్నారు. అందరూ లేచారు. లేచినవాళ్ళందరి మధ్యా నేను మాట్లాడాను. "అయ్యగారూ, నా కూతురికి దారి దొరికితే దేవుడికి వందనాలే. ఇంకో తల్లి తన పిల్లోడిని తీసుకుని ఊరు ఒగ్గీసి ఎల్లిపోయింది. దానికి వందనాలు సెప్పలేను. ఆవిడ కోసం ప్రార్థన సెయ్యండి" అన్నాను. పాస్టరుగారు బైబిలు మూసి, ఆవిడ పేరేమిటని అడిగారు. చెప్పాను. కొందరు కూర్చున్నారు, కొందరు గొణిగారు. లక్ష్మణమ్మ ఇంటికొస్తూ నాతో మాట్లాడలేదు. నలుగురి ముందూ లేవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసిందే నాకు.

కరుణ మాట. ఉత్తరం విన్న మూడోరోజు దండెం మీద బట్టలు తీస్తూ, "ఎల్తానమ్మా" అంది. "కానీ ఇప్పుడు కాదు. కొండ మీద నాను దిగిపోతే మందు వేసీవోళ్ళు ఉండరు. ఇంకో నర్సుని వెయ్యమని పై ఆఫీసుకి తిరగతన్నాను. ఆవిడొచ్చి పని నేర్చుకున్నాక పరీక్ష రాస్తాను. అప్పటికి ఖాళీ ఉంటే ఉంటాది, లేకపోతే లేదు." మీ బావ సాయంత్రం పాస్‌పోర్టుకి ఏం కావాలో కనుక్కొచ్చాడు.

కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అది మీ దగ్గరికి వస్తుంది. నాకు భయం తీరలేదు, తీరేది కాదు. ఏదో ఒకరోజు ఏ బస్సులోనో ఎవడో ఒకడు దాన్ని పెట్టె సర్దుకోమంటాడు. ఆ మాట అన్నప్పుడు నువ్వు పక్కన ఉండకపోవచ్చు. అందుకని ఇది మీ ఆయనకి చదివి వినిపించు, నా మాటల్లోనే.

"బెన్నూ, నా పిల్లని ఎవుడైనా ఎల్లిపో అంటే నువ్వు లెగాల. బస్సు ఆపీసి లెగాల. ఇంకొకల పిల్లని అన్నా లెగాల. నా గుంటకి కూడా అదే సెప్పి పంపిస్తాను."

అప్ప
గ్లోరీ